ఒర లేని శంపాలత

అది ఫాల్గుణ శుద్ధ పంచమి. ఆ రోజు గొంకన ఇంట్లో పనసపొట్టు కూర, పెసరకట్టు, కొత్త బెల్లం వేసిన పరమాన్నం. ఏళ్ళు గడిచిన తర్వాత కూడా గొంకన ఈ మూడింటినీ ఇదే వరుసలో చెప్పేవాడు. ఎందుకంటే వెన్నెలగిరి మహాసేనాని ముమ్మడిరాయుడు వాటిని ఇదే వరుసలో తిని, వడ్డించిన గొంకన కూతురితో "అమ్మాయీ, చేతికి నెయ్యి కమ్మగా అంటుకుంది, కడుక్కోబుద్ధి కావడం లేదు" అని నవ్వి, స్తంభానికి వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పెదవులు ఒకసారి కదిలాయి. అంతే. మళ్ళీ కళ్ళు తెరవలేదు.

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. పద్దెనిమిది యుద్ధాల్లో ఒక్క శత్రువు చేతికీ చిక్కనివాడు, కడుపునిండా తిని, స్నేహితుడి ఇంట్లో, నవ్వుతూ దాటిపోయాడు. "ఇలాంటి చావు కోసం మునులు తపస్సు చేస్తారు" అని ఒరల వీధి వీధంతా చెప్పుకుంది. ఏడ్చినవాళ్ళు కూడా మధ్యమధ్యలో ఆయన వేసిన ఛలోక్తులు గుర్తుకొచ్చి నవ్వారు.

నవ్వనిదీ ఏడవనిదీ ఒక్కతే. ఆయన ఒళ్ళో పడుకుని ఉన్న శంపాలత.

శంపాలత ఖడ్గం. మూరెడున్నర పొడవు, వాదర మీద మెరుపుతీగ లాంటి నీలిగీత. ఆమెకు నోరుంది. ఆ నోటికి మూత లేదని రాజ్యమంతా తెలుసు. ముమ్మడిరాయుడి నడుమున వేలాడుతూ వచ్చేపోయేవాళ్ళందరినీ పలకరించేది. రాజసభలో మంత్రులు తప్పు లెక్కలు చెబితే ఒరలోంచే దగ్గేది. యుద్ధంలో ధూమ్రదుర్గపు మాంత్రికుడు పింగళాక్షుడు ఆకాశమంత ఎత్తున పొగ లేపి మీదికొస్తే, "ఏమయ్యా, పొగేనా, లోపల నిప్పు కూడా ఉందా?" అని అడిగింది. రెండు వైపుల సైన్యాలూ ఆయుధాలు దించి నవ్వాయి. ఆ నవ్వుకే ఆ యుద్ధం ముగిసింది. ఆమెకు ఒకే ఒక్క వ్రతం ఉంది. ఆయుధం లేనివాణ్ణి నరకదు. ఎవరు ఎంత బలంగా విసిరినా గాలిలోనే నిలిచిపోతుంది.

ఆ పంచమినాడు పనసకాయను తరిగింది కూడా ఆమే. మహాసేనాని పంచె ఎగగట్టి గొంకన పెరట్లో పీట వేసుకుని కూర్చుంటే, శంపాలత ఆయన చేతిలో టకటకలాడుతూ కాయంతా ఆవగింజంత పొట్టు చేసింది. "యుద్ధం ఎవరైనా చేస్తారు, పనసపొట్టు సన్నగా కొట్టడం విద్య" అంది గొప్పగా.

అలాంటి శంపాలత ఆ మధ్యాహ్నం నుంచి ఒక్క మాట మాట్లాడలేదు.

వెన్నెలగిరి ఆచారం ఇది. వీరుడు పోతే అతని పాత ఒర అతనితోపాటు చితికి వెళుతుంది. ఖడ్గం మాత్రం ఒర కుట్టేవాడి ఇంటికి, ఆడపిల్ల పుట్టింటికి వచ్చినట్టు, వస్తుంది. పదమూడు రోజుల్లో అతను ఆమెకు కొత్త ఒర కట్టాలి. ఆ రోజుల్లో ఎవరూ ఆమె పిడి పట్టకూడదు. పడితే చెయ్యి కాలుతుంది. పదమూడోనాటి సూర్యాస్తమయం లోపల ఆమె తన నోటితో తాను, ఇకమీద ఎవరి చేతిలో ఉంటుందో చెప్పాలి. చెప్పకపోతే, సూర్యుడు కుంకాక పిడి పట్టిన మొదటివాడే ఆమెకు యజమాని. అప్పుడిక ఆమెకు నోరుండదు, వ్రతముండదు. వట్టి ఇనుము. ఎవరిని నరకమంటే వాళ్ళని నరుకుతుంది.

గొంకన రాజ్యంలోకెల్లా మంచి ఒరలవాడు. నలభై ఎనిమిదేళ్ళవాడు, పొట్టిగా, నెమ్మదిగా ఉంటాడు. భార్య ఎఱ్ఱమ పోయి మూడేళ్ళయింది. ఇరవై ఏళ్ళ కూతురు కుందమ ఇల్లు నడుపుతుంది, నాన్నను కూడా. గొంకన నూలు పెట్టి శంపాలత కొలత తీసుకున్నాడు. బర్రెతోలుతో ఒకటి కట్టాడు. వెంట్రుక దూరనంత బిగువుగా, ఒరలవాళ్ళు తరతరాలుగా మెచ్చుకునే బిగువు. శంపాలతను అందులో దూర్చగానే పెటపెటమని రెండుగా చీలింది. జింకతోలుతో కట్టాడు, చీలింది. గంధపుచెక్క, దంతం, పట్టు మెత్త వేసిన టేకు, ఇంకో రెండు, అన్నీ చీలాయి. పదమూడోరోజు తెల్లవారేసరికి ఏడు ఒరలు మూలన కట్టెల్లా పడి ఉన్నాయి.

"తల్లీ, ఒక్క మాట. ఏం కావాలో ఒక్క మాట చెప్పు" అని బతిమాలాడు గొంకన, గుడ్డలో చుట్టిన ఆమె పక్కన కూర్చుని.



"నాయనా, ముందు గంజి తాగు. నువ్వు కూడా ఆవిడలా మూగనోము పట్టావా ఏం?" అని కుందమ ముంత చేతిలో పెట్టింది. గంజిలో ఎవరో మిరియం వేశారు. ఇంట్లో ఉన్నది ఇద్దరే కనుక ఎవరు వేశారో గొంకనకు తెలుసు. సగం తాగేసరికి ప్రాణం కాస్త లేచి వచ్చింది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఒక గొంతు భోరుమంది. "మామయ్యా! ఆఖరి చూపైనా దక్కలేదే!"

వచ్చినవాడు బొద్దుగా, గుండ్రంగా, చూడగానే జాలేసేలా ఉన్నాడు. నోరు తాంబూలంతో ఎర్రగా పండి ఉంది. వీపు మీద మోకాళ్ళదాకా జడ. తాను ముమ్మడిరాయుడి చెల్లెలి కొడుకు సోమన్ననని, పదేళ్ళ కిందట వర్తకులతో సముద్రం దాటి వెళ్ళానని, వార్త విని పరుగున వచ్చానని చెప్పాడు. అలాంటి మేనల్లుడు ఉన్నాడని మహాసేనాని చెప్పగా గొంకన విన్నదే. పైగా వచ్చినవాడు ఆచారం తెలిసినవాడిలా బాకును, చేతికత్తిని, చివరికి గోళ్ళు తీసుకునే చిన్న కత్తిని కూడా గడప అవతల పెట్టి మరీ లోపలికి వచ్చాడు. ఒర లేని ఖడ్గం ఉన్న ఇంట్లో, ఒర కట్టే పనిముట్లు తప్ప, వేరే అంచు ఏదీ పని చేయకూడదు. పదమూడు రోజులూ కూరలు చేత్తో తుంచుకోవాలి, చేత్తో విరుచుకోవాలి. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

"పాపం, తెలిసినవాడే" అనుకున్నాడు గొంకన. మూడోజామున ఖడ్గాన్ని సభకు తీసుకుపోవడానికి పల్లకీ వస్తుంది. అంతవరకూ ఉండమని, అన్నం తినమని కూర్చోబెట్టాడు.

కుందమ చేత్తో తుంచిన తోటకూర, విరిచి వండిన చిక్కుడుకాయ వడ్డించింది. సోమన్న ఏడుస్తూనే మూడుసార్లు మారు వడ్డించుకున్నాడు. చేయి కడుక్కున్నాడు. నడుమునున్న సంచి విప్పాడు. తమలపాకు తీశాడు, సున్నం రాశాడు, వక్క తీశాడు.

ఆ తర్వాత కటుక్కుమంది.

గొంకన తలెత్తాడు. సోమన్న చేతిలో ఇత్తడి అడకత్తెర తళతళలాడుతోంది.

వెన్నెలగిరిలో పుట్టినవాడెవడూ ఆ పదమూడు రోజులూ అడకత్తెర ముట్టడు. వక్కను రోట్లో దంచుకుంటాడు. కత్తులు గడప బయట పెట్టాలని వేగులవాళ్ళు చెప్పగలరు. అడకత్తెర కూడా అంచే అని అమ్మ చెప్పాలి.

కుందమ చేతిలో మజ్జిగ చెంబు ఉంది. ఆమె నెమ్మదిగా అడిగింది. "బాబూ, మీ అమ్మగారి పేరేమిటి?"

"మా అమ్మా?" అంటూ సోమన్న అడకత్తెర సంచిలో పెట్టి, వక్క నోట్లో వేసుకున్నాడు. "మా అమ్మ... మామయ్య చెల్లెలు."

మజ్జిగ చెంబు గాల్లో తిరిగి అతని నుదుటికి తగిలింది.

తగిలిన చోట బొద్దు ముఖం మైనంలా కారిపోయింది. లోపలి నుంచి ముక్కు పొడుగ్గా, పిల్లికళ్ళు పచ్చగా, గడ్డం కోణంగా మరొక ముఖం పైకి తేలింది. "పింగళాక్షుడు!" అని అరిచాడు గొంకన. మాంత్రికుడు ఒక్క గంతులో ఖడ్గాన్ని గుడ్డచుట్టతో సహా చంకన పెట్టుకుని పెరట్లోకి దూకి ఈల వేశాడు. పైకప్పు మీద నుంచి ఏనుగుగున్నంత గబ్బిలం ఒకటి రెక్కలు విప్పింది. దాని నీడకు పెరడంతా చీకటి పడి, కోళ్ళు సాయంత్రమయిందనుకుని గూటికి చేరాయి.

"సూర్యాస్తమయందాకా ఈ గుడ్డలోనే ఉంచుతానులే గొంకా! ఆ తర్వాత పిడి నాది, ఆ నోరు మూత!" అంటూ మాంత్రికుడు దాని మెడ మీదికెక్కాడు.

గొంకన జీవితంలో ఎన్నడూ పరుగెత్తినవాడు కాడు. ఆ రోజు పరుగెత్తాడు. లేచిపోతున్న గబ్బిలం కాలు రెండు చేతులా పట్టుకున్నాడు. కుందమ వచ్చి నాన్న మొలతాడు పట్టుకుంది. ఇద్దరి కాళ్ళూ ఒకేసారి నేల విడిచాయి.

"దిగవే పిల్లా!" అని కేకేశాడు గొంకన.

"ఎక్కడికి దిగను నాయనా, చింతచెట్టు కొమ్మలోకా? నువ్వు కాలు వదలకు, నేను మొలతాడు వదలను!"

కింద వెన్నెలగిరి చిన్నదైపోయింది. ఎండను లోపల దాచుకుని రాత్రివేళ కొద్దికొద్దిగా విడిచిపెట్టే తెల్లరాతి మేడలు, నూరు మెట్ల కోనేరు, మెట్టు మెట్టుకూ ఒక రంగు పూలతోట, నడుమ రాజమందిరం మీద బంగారు హంస, అన్నీ పిల్లలు ఆడుకుని వదిలేసిన బొమ్మల్లా కనిపించాయి. ఆ వెనుక వేయి సెలయేళ్ళ అడవి వచ్చింది. ప్రతి సెలయేటిలోనూ ఒక్కో సూర్యుడు మెరిశాడు. ఆ తర్వాత రాళ్ళు నల్లబడ్డాయి, గాలిలో గంధకం వాసన మొదలైంది. దూరాన ఏడు ప్రాకారాలు చుట్టుకుని ధూమ్రదుర్గం పొగలో కూర్చుని ఉంది.

గబ్బిలానికి పట్టపగలు కళ్ళు కనిపించవు. ఒకసారి మబ్బును కొండ అనుకుని తప్పుకుంది. మరొకసారి కొండను మబ్బు అనుకుంది, దిగాల్సిన కోటను కూడా దాటేసింది. "ఎడమకు! ఎడమకురా దద్దమ్మా!" అని పైన మాంత్రికుడు అరుస్తున్నాడు. దానికి తోడు కాలికి ఇద్దరు మనుషుల బరువు. గొంకన చేతులు జారుతున్నాయి. మొలలో గుచ్చి ఉన్న దబ్బనం గుర్తొచ్చింది. పొడవడానికి మనసు ఒప్పలేదు. అది ఏం పాపం చేసింది? దబ్బనం మొద్దువైపుతో గబ్బిలం అరికాలిలో సున్నితంగా గీరాడు.

గబ్బిలం కిసుక్కుమంది. మళ్ళీ గీరాడు. ఈసారి రెక్కలు ముడుచుకుని ఒళ్ళంతా కదిలిపోయేలా నవ్వింది. పైన మాంత్రికుడు పట్టు తప్పి మెడ కావలించుకున్నాడు. చంకలోని గుడ్డచుట్ట జారింది. దాని వెనకే గొంకన, మొలతాడుతో పాటు కుందమ, ముగ్గురూ కిందికి రాలారు. గబ్బిలం మాత్రం ఇంకా నవ్వు ఆపుకోలేక, మాంత్రికుణ్ణి మోసుకుని కొండ అవతలికి దొర్లిపోయింది.

కింద ఒక పాడుబడ్డ కావలిబురుజు ఉంది. దాని పాదాన ఎప్పుడో ఎవరో గుర్రాల కోసం వేసి మరిచిపోయిన గడ్డివాము. ఆ మరిచిపోయినవాడి పిల్లాపాపా చల్లగా ఉండాలని గొంకన మనసులోనే దండం పెట్టాడు.

"నాయనా, బతికావా?"

"బతికాను. ఎడమకాలు మాత్రం నాది కాదన్నట్టుంది."

మడమ బెణికింది. పక్కనే శంపాలత, చుట్టిన గుడ్డ చిరిగిపోయి, గడ్డిలో నిలువునా గుచ్చుకుని ఉంది. పడమట సూర్యుడు కొండకు నాలుగు మూరల ఎత్తులో ఉన్నాడు. పింగళాక్షుడు తిరిగి రావడానికి ఎంతోసేపు పట్టదు. బురుజు పైన తలుపున్న గది ఒకటి కనిపిస్తోంది. అక్కడికి నలభై మెట్లు.

"మోసుకుపోదాం" అంది కుందమ.

"ఎలా? పిడి పట్టకూడదు. వాదర పట్టి ఈ కుంటికాలితో మెట్లెక్కితే చేతులు తెగుతాయి. ఒర కావాలి."

"ఇప్పుడా? కొలతనూలేదీ?"

"ఇంట్లో."

"తోలు?"

గొంకన తనను తాను చూసుకున్నాడు. పని చేసేటప్పుడు ఒంటికి కట్టుకునే తోలు గుడ్డ ఇంకా ఒంటి మీదే ఉంది. ఇరవై ఏళ్ళ నాటిది. నూనె, చెమట, ఎఱ్ఱమ ఒకప్పుడు ఒలకబోసిన చారు, అన్నీ ఇంకి మెత్తబడ్డది. విప్పి రెండుగా మడిచి, చేతికందిన నారతో, కొలత లేకుండా, పెద్ద పెద్ద కుట్లు వేశాడు. కుందమ మడత పట్టుకుంది. ఎక్కడ చూసినా రెండు వేళ్ళు వదులు.

"ఒరల వీధిలో ఎవరైనా చూస్తే నన్ను వెలివేస్తారు. ఇది ఒర కాదు, గోనెసంచి" అన్నాడు గొంకన సిగ్గుపడుతూ.

శంపాలతను చిరిగిన గుడ్డతో వాదర మీద పట్టుకుని అందులోకి జారవిడిచాడు. మళ్ళీ పెటపెట వినాల్సి వస్తుందని చెవులు మూసుకున్నాడు. ఏ చప్పుడూ లేదు. ఒర చీలలేదు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మాట్లాడే వ్యవధి లేదు. గొంకన దాన్ని మొలకు కట్టుకుని, కూతురి భుజం మీద చెయ్యి వేసి, మెట్లెక్కడం మొదలుపెట్టాడు. కుడికాలు వేశాడు. ఎడమకాలు ఈడ్చాడు. వదులు ఒరలో ఖడ్గం కదిలి అంచుకు తగిలింది.

టక్.

మరో మెట్టు. టక్.

 ఈ చప్పుడు గొంకన పాతికేళ్ళు విన్నాడు. ముమ్మడిరాయుడికి మొదటి యుద్ధంలోనే ఎడమకాలికి దెబ్బ తగిలింది. కుంటుతూ వస్తుంటే, పాతబడి వదులైన ఒరలో శంపాలత అడుగడుగుకీ టక్కుమనేది. ఒరల వీధి మొదట్లో టక్కు వినబడితే చివరి ఇంట్లో పీట వేసేవారు. "దొరా, ఒకసారి ఇవ్వండి, బిగించి పెడతాను, నా పరువు పోతోంది" అని గొంకన ఎన్నిసార్లు అడిగాడో. "వద్దులేరా గొంకా" అని నవ్వేవాడు ఆయన. కారణం ఎన్నడూ చెప్పలేదు.

టక్. టక్.

"ఆవ తక్కువైంది" అంది ఎవరో.

తండ్రీ కూతుళ్ళు మెట్టు మీద రాళ్ళలా నిలబడిపోయారు.

"పనసపొట్టులో" అంది శంపాలత, పదమూడు రోజులు వాడని గొంతుతో. "ఆవ తక్కువైంది."

కుందమకు ముందు నోట మాట రాలేదు. తర్వాత వచ్చింది చూడండి! "ఏమిటీ? పదమూడు రోజులు మమ్మల్ని చంపుకుతిని, ఏడు ఒరలు చీల్చి, గబ్బిలం కాలికి వేలాడదీసి, నోరు తెరిచి నువ్వు చెప్పే మాట ఇదా? ఆవ నూరింది నేను! సోలెడు వేశాను!"

"సోలెడు చాలదు పిల్లా, కాయ పెద్దది."

"అయితే ఆ రోజే చెప్పి ఏడవొచ్చుగా!"

 వాదర మీది నీలిగీత సన్నగా వణికింది. "చెప్పొద్దన్నాడు. ముసలాడు ఆఖరున పెదవులు కదిపాడే, అప్పుడన్నది అదే. 'శంపా, ఆవ తక్కువైంది. పిల్లతో అనకు, నొచ్చుకుంటుంది' అన్నాడు. అని వెళ్ళిపోయాడు. నా నోరు నాకు తెలుసు గదా. తెరిస్తే ముందు అదే వస్తుంది. ఆయన ఆఖరి మాట కాపాడాలని మూసుకున్నాను. ఇప్పుడు ఈ టక్కు టక్కు వినేసరికి ముసలాడే నడుస్తున్నాడనిపించి, నోరు జారింది."

కుందమ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నవ్వింది కూడా. "నేనేం నొచ్చుకోలేదులే" అంది.

"మరి ఆ ఒరలన్నీ ఎందుకు చీల్చావమ్మా?" అడిగాడు గొంకన.

"ఊపిరాడలేదు గొంకా. అన్నీ కావలించుకునేవే. కాస్త కదలనిచ్చేది ఒక్కటీ లేదు."

గొంకన తల దించుకున్నాడు. ఎఱ్ఱమ పోయిన రోజుల్లో చుట్టాలంతా అతన్ని ఒక్క క్షణం వదలకుండా పట్టుకుని కూర్చున్నారు. ఎదురింటి ముసలమ్మ మాత్రం రోజూ గడప మీద మజ్జిగ ముంత పెట్టి, పలకరించకుండా వెళ్ళిపోయేది. ఆ ముంత తీసుకోవడానికే అతను రోజూ లేచేవాడు. ఇంత తెలిసినవాడు, పదమూడు రోజులు నూలు పట్టుకుని బిగువు కొలుస్తూ కూర్చున్నాడు.

గబ్బిలం రెక్కల హోరు వినిపించింది. సూర్యుడి అంచు కొండకు తాకింది.

"పేరు చెప్పు తల్లీ, తొందరగా!" అన్నాడు గొంకన చివరి మెట్టెక్కుతూ.

"నీ పేరే చెబుదామనుకున్నాను. కానీ నీది కుట్టే చెయ్యి గొంకా, నరకమంటే క్షమాపణ అడుగుతుంది. నాకు ఎదురు చెప్పే చెయ్యి కావాలి. వెన్నెలగిరి వినుగాక, నేను కుందమ చేతికి వెళుతున్నాను!"

"నాకు కత్తి పట్టడం రాదే!" అంది కుందమ తెల్లబోయి.

"ముసలాడికి మాత్రం వచ్చిందా? మొదటిరోజు తన మీసం తనే కోసుకున్నాడు. పట్టు!"

 గొంకనకు ఉన్నది ఒక్క పిల్ల. అయినా మొల నుంచి ఒర విప్పి, పిడి ఆమెకు అందేలా పట్టుకున్నాడు. కుందమ పిడి అందుకుంది. చెయ్యి కాలలేదు. నీలిగీత ఆమె మోచేతిదాకా మెరిసింది.

పింగళాక్షుడు బురుజు మీదికి దూకాడు. జుట్టు నిండా ముళ్ళకంప. ఖడ్గం అప్పటికే పలికిందని తెలిసి ఒక్క క్షణం ముఖం మాడింది. మరుక్షణమే నవ్వాడు. మంత్రదండం లోయలోకి విసిరేశాడు. రెండు చేతులూ చాచాడు.

"నేను నిరాయుధుణ్ణి! నరుకు శంపాలతా, చూస్తాను. నరకలేవు. ఈ పిల్లేమో నీతో తప్ప పోరాడలేదు. ఇద్దర్నీ చేతులతోనే లోయలోకి తోసేస్తాను!"

ఒక్కో అడుగే ముందుకు వేశాడు. కుందమ కత్తి ఎత్తి వేటు వేసింది. నిజమే, శంపాలత గాలిలో నిలిచిపోయింది. కుందమ మడమలు బురుజు అంచును తాకాయి. మాంత్రికుడు తాంబూలం నములుతూ మరో అడుగు వేశాడు.

నములుతున్న ఆ నోరు చూశాడు గొంకన.

"అడకత్తెర!" అని కేక పెట్టాడు. "అమ్మాయీ, వాడి సంచిలో అడకత్తెర ఉంది! అది అంచే!"

"అమ్మ బాబోయ్" అంది శంపాలత సంతోషంగా. "అంచే గదా!"

ఖడ్గం కదిలింది. మెరుపు మెరిసినట్టయింది. పింగళాక్షుడు చప్పున కూలబడబట్టి తల దక్కింది. మోకాళ్ళదాకా ఉన్న జడ మాత్రం మొదలంటా తెగి గొంకన కాళ్ళ దగ్గర పడింది. దానికి నూటెనిమిది ముడులు. ముడికొక మారువేషం. జడ పోగానే రాచఠీవి, కోణపు గడ్డం, ఎత్తు, అన్నీ ఊడిపోయి, జలుబుతో ముక్కు తుడుచుకునే బక్కపలచని బట్టతల మనిషి మిగిలాడు.

అతను పాకుతూ వెళ్ళి గబ్బిలం మెడ పట్టుకున్నాడు. "రేపు పొద్దు పొడిచేసరికి ఏడు ద్వారాలూ మూయిస్తాను! వెన్నెలగిరికి దారి నా కోట నడుమ నుంచే ఉంది, గుర్తుంచుకోండి!" అని తుమ్మి, చీకట్లో కలిసిపోయాడు. పోతూ పోతూ గబ్బిలం గొంకనవైపు తిరిగి ఒకసారి కిసుక్కుమంది.

బురుజు గదిలో పాత చాప ఒకటి, కుండలో వాననీళ్ళు, మూల ఎవరో వదిలేసిన పిడికెడు వేరుశనగలు ఉన్నాయి. ముగ్గురి మధ్యా అవే విందు. ఏడు ద్వారాలకు ఏడు వేషాలు కావాలని, రేపు ముడులు ఒక్కొక్కటే విప్పాలని అనుకున్నారు. తండ్రి గాజులమ్మే ముసలమ్మగా బాగుంటాడని కుందమ, వద్దు ఏనుగు మావటిగా బాగుంటాడని శంపాలత వాదించుకున్నారు. వాదించుకుంటూనే కుందమ నిద్రపోయింది, ఒక చెయ్యి ఒర మీద వేసుకుని.

"గొంకా" అంది శంపాలత మెల్లగా. "ఎఱ్ఱమ పోయాక నీకు మళ్ళీ ఉప్పు రుచి తెలియడానికి ఎన్నాళ్ళు పట్టింది?"

గొంకన ఆలోచించాడు. "ఏడాది పట్టిందమ్మా. ఒకరోజు పెరుగన్నంలో ఉప్పెక్కువైందని కసిరాను. కుందమ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఎగిరి గంతేసింది."

"ఏడాదా?" అంది శంపాలత. "సరేలే. దారిలో పని ఉంది గదా."

లోయ అవతల ధూమ్రదుర్గంలో ఒక్కొక్క ద్వారం దగ్గరే కాగడాలు వెలుగుతున్నాయి. గొంకన ఏడూ లెక్కపెట్టాడు. తర్వాత తుప్పు పట్టిన తలుపును రెండు చేతులా పైకెత్తిపట్టి, కూతురికి మెలకువ రాకుండా, కిర్రుమనకుండా, నెమ్మదిగా మూసి గడియ వేశాడు.

ఒరలో ఒకసారి టక్కుమంది.